పౌడర్ డబ్బా వెనక లెక్కలు: పెద్ద సౌందర్య కంపెనీ నీతిని ఎలా తూచాలి?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ ఫ్యాన్సీ షాపు ముందు నిలబడినా, గుంటూరు అరండల్‌పేటలో ఏ బ్యూటీ పార్లర్‌లో అడుగుపెట్టినా ఇప్పుడు సీసాల మీద గుర్తులే ఎక్కువ కనిపిస్తాయి. గెంతే కుందేలు, పచ్చటి ఆకు, 'వీగన్', 'క్రూయెల్టీ ఫ్రీ', 'క్లీన్', 'నేచురల్'. ఇదివరకు కొనేవాళ్ళు అడిగేవి రెండే: ఒంటికి పడుతుందా, రేటెంత? ఇప్పుడు కాలేజీ పిల్లలు మూడోది కూడా అడుగుతున్నారు. ఈ కంపెనీ మంచిదేనా? కౌంటర్ వెనక అమ్మాయి "బొమ్మ ఉంది కదండీ" అని కుందేలును చూపిస్తుంది. ఆమెను తప్పుపట్టలేం. ఇలాంటి మార్కులు వేయడమే వృత్తిగా ఉన్న రేటింగ్ సంస్థల్ని అడిగినా, ఒకరు ఇచ్చిన ర్యాంకుకూ ఇంకొకరు ఇచ్చినదానికీ పొంతన ఉండదు.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఈ కంపెనీల దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. ఒకే గొడుగు కింద పదుల కొద్దీ బ్రాండ్లు, వందకు పైగా దేశాల్లో అమ్మకాలు, ఎక్కడో గనిలోనో తోటలోనో మొదలై పది చేతులు మారి వచ్చే సరుకు. ఒక మెతుకు మెత్తగా ఉడికి ఉంటుంది, పక్క మెతుకు బియ్యంలాగే ఉంటుంది. అందుకని కంపెనీకి మొత్తంగా ఒక మార్కు వేయడం మానేసి, ప్రశ్న మార్చుకోవాలని నా అభిప్రాయం. చట్టం మెడ మీద కూర్చోని చోట, అడిగేవాడు లేని చోట, ఆ కంపెనీ ఎలా నడుచుకుంది? ప్రకటనల్లో ఈ విషయం కనిపించదు. అయినా వెతికితే దొరుకుతుంది.

చట్టం చేయించిన మంచిని పక్కన పెట్టాలి

ముందు జంతువుల సంగతి చూద్దాం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014 మేలోనే నిషేధించింది. అదే ఏడాది నవంబరు నుంచి, జంతువుల మీద పరీక్షించిన సరుకును దిగుమతి చేసుకోవడమూ కుదరదు. అంటే ఇక్కడ తయారై ఇక్కడే అమ్ముడయ్యే క్రీము డబ్బా మీద 'జంతువులపై పరీక్షించలేదు' అని రాశారంటే, చట్టం చేయొద్దన్న పని చేయలేదని చెప్పుకోవడమే. దానికి మార్కులు వేయక్కర్లేదు.

సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద చేసే ఖర్చు, కూడా ఇంతే. ఫలానా కంపెనీ బడి కట్టించింది, ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించింది అని బోర్డులు కనిపిస్తుంటాయి. మంచిదే, ఎవరూ కాదనరు. కానీ 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలన్నీ గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టి తీరాలి. ఎక్కడ, ఎంత బాగా ఖర్చు పెట్టారన్నది చూడొచ్చు. పెట్టడమే గొప్పదనం కాదు.

ఈ రెండూ తీసేస్తే సీసా మీద గుర్తుల్లో సగం బరువు తగ్గిపోతుంది.

కుందేలు ఎవరిది?

మిగిలిన సగంలో గందరగోళం ఎక్కువ. కుందేలు బొమ్మలన్నీ ఒకటి కావు. లీపింగ్ బన్నీ అనే ధ్రువీకరణ కావాలంటే, కంపెనీ తనకు ముడిసరుకు ఇచ్చేవాళ్ళ దాకా లెక్క చూపాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. జంతు హక్కుల సంస్థ పెటా జాబితా ప్రధానంగా కంపెనీలు రాసిచ్చే హామీల మీద నడుస్తుంది. ఈ రెండూ కాక, డిజైనర్ చేత గీయించి అచ్చేసుకున్న కుందేళ్ళు కూడా తిరుగుతుంటాయి. వాటికి ఎవరి పూచీ లేదు.

వీగన్, క్రూయెల్టీ ఫ్రీ కూడా వేర్వేరు. ఎర్ర లిప్‌స్టిక్‌లో వాడే కార్మైన్ రంగు కొచినీల్ అనే పురుగుల నుంచి వస్తుంది. ఏ జంతువు మీదా పరీక్షించకుండా ఆ లిప్‌స్టిక్ తయారైతే అది క్రూయెల్టీ ఫ్రీయే, వీగన్ మాత్రం కాదు. తేనెమైనం, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కూడా ఇంతే. శాకాహారం పట్టింపు ఉన్న ఇంట్లో ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

అసలు చిక్కు బ్రాండు దగ్గర కాదు, దాని యజమాని దగ్గర. 2021లో గార్నియర్‌కు లీపింగ్ బన్నీ గుర్తింపు వచ్చింది. గార్నియర్ యజమాని లోరియల్. ఆ గుర్తింపు లోరియల్ గ్రూపు మొత్తానికి రాలేదు. డవ్‌కు 2018లో పెటా గుర్తింపు వచ్చింది, దాని యజమాని యూనిలీవర్. సీసా మీద బొమ్మ బ్రాండు గురించి చెబుతుంది, డబ్బు మాత్రం యజమానికి చేరుతుంది.

చైనా ప్రస్తావన వచ్చేది ఇక్కడే. దిగుమతి అయిన సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలు తప్పనిసరి అని చైనా చాలాకాలం పట్టుబట్టింది. ఐరోపాలో మేం పరీక్షలు చేయం అన్న కంపెనీలే చైనా మార్కెట్ కోసం ఆ షరతుకు తలొగ్గాయి. 2021 మే నుంచి మామూలు రకాలకు, తగిన ధ్రువపత్రాలు చూపిస్తే, మినహాయింపు ఇచ్చారు. హెయిర్ డై, సన్‌స్క్రీన్, తెల్లబరిచే క్రీముల వంటి 'ప్రత్యేక' రకాలకు నిబంధనలు ఇంకా కఠినమే. కాబట్టి 'చైనాలో అమ్ముతుంది, కాబట్టి చెడ్డది' అన్న పాత సూత్రం ఇప్పుడు నిలవదు. ఏం అమ్ముతుందో చూడాలి.

ఐరోపాకు పూర్తి క్లీన్ చిట్ ఇద్దామన్నా కుదరదు. జంతువుల మీద పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని 2013 మార్చిలో అక్కడ పూర్తిగా నిషేధించారు. కానీ సన్‌స్క్రీన్‌లో వాడే రెండు రసాయనాల విషయంలో సిమ్రైజ్ అనే జర్మన్ కంపెనీ కోర్టుకెళ్ళింది. 2023 నవంబరులో ఐరోపా కోర్టు ఏమందంటే, ఆ రసాయనాలను తయారుచేసే కార్మికుల భద్రత కోసం రసాయనాల చట్టం కింద జంతు పరీక్షలు అడగవచ్చని. ఒక చట్టం వద్దంటుంది, ఇంకో చట్టం చేయమంటుంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాడి ఊపిరితిత్తులు, ప్రయోగశాలలో ఎలుక, ఈ రెంటిలో ఏది ముందు అన్న ప్రశ్నను ఏ కుందేలు బొమ్మా తేల్చదు.

యాజమాన్యం మారితే ఏమవుతుందో చూడాలంటే బాడీ షాప్ కథ చాలు. 1976లో బ్రిటన్‌లోని బ్రైటన్‌లో అనితా రాడిక్ చిన్న దుకాణంగా మొదలుపెట్టారు. జంతు పరీక్షలకు వ్యతిరేకంగా, రైతుల నుంచి న్యాయమైన ధరకు కొనడం కోసం గొంతెత్తి పేరు తెచ్చుకున్న సంస్థ అది. 2006లో దాన్ని లోరియల్ 65 కోట్ల పౌండ్ల పైచిలుకు పెట్టి కొంది. లోరియల్‌లో పెద్ద వాటాదారు నెస్లే, పసిపిల్లల పాలపొడి అమ్మే పద్ధతుల మీద 1977 నుంచే బహిష్కరణ పిలుపులు ఎదుర్కొన్న కంపెనీ. బాడీ షాప్‌లో సబ్బు కొంటే ఎవరి జేబు నిండుతోందని అప్పట్లో పెద్ద రగడ జరిగింది. రాడిక్ మాత్రం లోపలికి వెళ్ళి పెద్ద కంపెనీని మారుస్తామన్నారు. 2017లో లోరియల్ దాన్ని బ్రెజిల్‌కు చెందిన నాటూరాకు అమ్మేసింది. 2023 చివర్లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ వ్యాపారం దివాలా ప్రక్రియలో పడింది. యజమానులు మారుతున్నా సీసా మీద మాటలు దాదాపు అవే. పాత పేరు చూసి మార్కులేస్తే, అవి ఇప్పుడు అక్కడ లేని మనుషులకు వేసినట్టే.

ఒకే ఇంట్లో రెండు గొంతులు

మనవాళ్ళకు బాగా తెలిసిన ఉదాహరణ ఫెయిర్ అండ్ లవ్లీ. యూనిలీవర్ భారతీయ విభాగం హిందుస్థాన్ లీవర్ 1975లో తెచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు, క్రీము రాసుకోగానే రెండూ కుదురుతాయి. ఆ ప్రకటనల సారాంశం దశాబ్దాల పాటు ఇదే. అదే యూనిలీవర్ 2004లో డవ్ పేరుతో 'నిజమైన అందం' ప్రచారం మొదలుపెట్టింది. ఏ రంగైనా, ఏ ఆకారమైనా అందమే అంటూ. లండన్‌లో ఆ మాట, గుంటూరులో ఈ మాట. ఇద్దరికీ జీతం ఇచ్చేది ఒకరే.

2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం పెల్లుబికాక, జూన్ నెలాఖరులో యూనిలీవర్ పేరులోంచి 'ఫెయిర్' తీసేస్తామంది. జులైలో 'గ్లో అండ్ లవ్లీ' వచ్చింది. మగవాళ్ళ రకానికి పెట్టిన 'గ్లో అండ్ హ్యాండ్సమ్' పేరు మాదంటే మాదని పోటీ కంపెనీ ఇమామీతో బాంబే హైకోర్టులో తగువు కూడా నడిచింది. రంగుల వివక్ష పోవాలని పేరు మార్చుకున్నవాళ్ళు ఆ పేరు కోసం కోర్టు మెట్లెక్కడం చూసి అప్పట్లో నవ్వుకున్నాం. పేరు మార్చడాన్ని పూర్తిగా కొట్టిపారేయను, ప్రకటనల్లో పాత ధోరణి తగ్గింది. కానీ అన్నేళ్ళుగా ఇక్కడి ఆడపిల్లలు, మహిళా సంఘాలు మొత్తుకుంటే కదలనిది, అమెరికాలో గొడవైతే వారాల్లో కదిలింది. ఆ కంపెనీ ఎవరి మాట వింటుందో తేలిపోయింది.

ఇందులో మన వాటా కూడా ఉంది లెండి. పెళ్ళి సంబంధాల దగ్గర 'చామనఛాయ' అని చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది కంపెనీవాళ్ళు కాదు.

యూనిలీవర్‌ను తూచేటప్పుడు నేను ఈ పేరు మార్పు కన్నా బరువుగా చూసేది కొడైకెనాల్. చాలామందికి అది సౌందర్య సాధనాల కథ అని తెలియదు. ముఖానికి రాసుకునే పాండ్స్ ఉంది కదా, ఆ పాండ్స్ కంపెనీ 1980ల్లో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో నడిచిన పాత థర్మామీటర్ల ఫ్యాక్టరీని తెచ్చి కొడైకెనాల్ కొండ మీద పెట్టింది. థర్మామీటర్ అంటే పాదరసం. యూనిలీవర్ పాండ్స్‌ను కొనడంతో ఆ ఫ్యాక్టరీ కూడా హిందుస్థాన్ లీవర్ చేతికొచ్చింది. 2001లో, పాదరసం అంటిన పగిలిన గాజును ఊళ్ళోని పాత సామాన్ల దుకాణానికి అమ్మేశారన్న సంగతి బయటపడింది. స్థానికులు, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ కలిసి ఊరేగింపు తీశారు. ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో పాదరసం వ్యర్థాలను దాదాపు 290 టన్నులు ఓడకెత్తి అమెరికాకు పంపారు.

అక్కడ పనిచేసినవాళ్ళ సంగతి మాత్రం అంత త్వరగా తేలలేదు. తమ ఆరోగ్యం పాడైందని కార్మికులు, అలాంటి ఆధారం లేదని కంపెనీ, పదిహేనేళ్ళు వాదించుకున్నారు. 2015లో ఒక ర్యాప్ పాట వీడియో ప్రపంచమంతా తిరిగి, లక్షల మంది కంపెనీని నిలదీశారు. 2016 మార్చిలో 591 మంది మాజీ కార్మికులతో, వారి కుటుంబాలతో ఒప్పందం కుదిరింది. మానవతా దృష్టితో ఇస్తున్నామని కంపెనీ అంది, తప్పు జరిగిందని ఒప్పుకోలేదు. ఆ తర్వాత కూడా నేలను ఎంతవరకు శుభ్రం చేయాలన్న దాని మీద పేచీ సాగింది. ఇదే పాదరసం ఐరోపాలో ఒలికి ఉంటే అంతే తక్కువగా శుభ్రం చేస్తామనేవారా అని కార్యకర్తలు అడిగారు. నా దృష్టిలో కంపెనీల నీతి గురించి మన దేశంలో ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అతి ముఖ్యమైనది అది.

ఆ ప్రశ్ననే జాన్సన్ పౌడర్‌కు వేసి చూడండి. టాల్కమ్ పౌడర్‌లో ఆస్బెస్టాస్ ఆనవాళ్ళున్నాయని, క్యాన్సర్ వచ్చిందని అమెరికాలో వేల కొద్దీ దావాలు పడ్డాయి. పౌడర్ సురక్షితమేనని కంపెనీ మొదటినుంచీ అంటోంది. శాస్త్రవేత్తల్లోనూ ఏకాభిప్రాయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2024 జులైలో టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అన్న వర్గంలో పెట్టింది. పౌడర్ వల్ల హాని ఉందా లేదా అన్నది నేను తేల్చలేను. నాకు కనిపించేది తేదీలే. అమెరికా, కెనడాల్లో టాల్క్ బేబీ పౌడర్ అమ్మకం ఆపుతామని ప్రకటించింది 2020 మేలో. మిగతా ప్రపంచంలో, మనతో సహా, ఆపింది 2023లో. అక్కడ అమ్మకాలు తగ్గాయి, అపోహలు పెరిగాయి, అందుకే ఆపామన్నది కంపెనీ వివరణ. సరే అనుకుందాం. కానీ ఆ మధ్య కాలంలో విజయవాడలో పసిపిల్లకు స్నానం చేయించి పౌడర్ అద్దిన అమ్మమ్మకు ఎవరేం చెప్పారు?

గనిలో, తోటలో

లిప్‌స్టిక్, ఐషాడో, నెయిల్ పాలిష్‌లలో మెరుపు అభ్రకం నుంచి వస్తుంది. లేబుల్ మీద 'మైకా' అని, లేదా సీఐ 77019 అన్న అంకెతో ఉంటుంది. అభ్రకం మనకు కొత్తదేం కాదు. గూడూరు, సైదాపురం వైపు బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి గనులున్నాయి. అయితే ప్రపంచ సౌందర్య కంపెనీలను ఇరుకున పెట్టింది జార్ఖండ్, బీహార్ అభ్రకం. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక అక్కడ చాలా గనులు అధికారికంగా మూతపడ్డాయి, తవ్వకం మాత్రం ఆగలేదు. కుటుంబాలకు కుటుంబాలే పాత గుట్టల్లోకి దూరి తునకలు ఏరుకుంటాయి. 'ఢిబ్రా' అంటారు వాటిని. కిలోకు దక్కేది కొద్ది రూపాయలు. పిల్లలు కూడా దిగుతారు, ఎందుకంటే కన్నం చిన్నది. రెండు నెలల్లో కనీసం ఏడుగురు పిల్లలు ఆ గనుల్లో చనిపోయారని, ఆ సంగతి బయటకు రాకుండా చూశారని 2016లో రాయిటర్స్ బయటపెట్టింది.

అప్పుడు రెండు కంపెనీలు రెండు దారులు పట్టాయి. సహజ మైకాను మానేస్తామని బ్రిటన్ సౌందర్య కంపెనీ లష్ 2014లోనే అంది. పూర్తిగా ప్రయోగశాలలో చేసిన మైకాకు మారడానికి దానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. లోరియల్ మాత్రం భారత అభ్రకం కొనడం ఆపనంది. మేం వెళ్ళిపోతే ఆ ఊళ్ళ బతుకు ఇంకా చితికిపోతుంది, ఉండి సరఫరాను బాగుచేస్తాం అన్నది దాని వాదన. 2017లో ప్యారిస్‌లో పుట్టిన రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్‌లో అది, ఇంకా చాలా కంపెనీలు సభ్యులు.

ఎవరు మంచి? లష్ చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఢిబ్రా ఏరే కుటుంబానికి మాత్రం ఆ శుభ్రం వల్ల పైసా రాలేదు. లోరియల్ మాట వినడానికి బాధ్యతగా ఉంది, కానీ 'ఉండి బాగుచేస్తాం' అనేది ఏమీ చేయకుండా ఉండిపోవడానికి కూడా మంచి సాకే. నేను రెండో దారి వైపు మొగ్గుతాను, ఒక షరతు మీద. ఎన్ని ఊళ్ళలో కొంటున్నారు, కిలోకు ఎంత ఇస్తున్నారు, ఎంతమంది పిల్లలు బడిలో చేరారు అన్నది ఏటా చెప్పాలి. సభ్యత్వం ఉందన్నంత మాత్రాన చాలదు.

మల్లెపూల సంగతి వేరే చెప్పాలి. మైలవరం వైపు మల్లెతోటల్లో తెల్లవారకముందే మొగ్గ కోస్తారు, ఎండ ఎక్కితే వాసన పోతుంది. ఈజిప్టులోనూ అంతే, అక్కడి మల్లెల నుంచి తీసిన సారం అత్తర్ల కోసం విదేశాలకు పోతుంది. లాంకోమ్, ఎరిన్ బ్యూటీ అత్తర్లకు సరుకు అందించేవాళ్ళ తోటల్లో పిల్లలు అర్ధరాత్రి దాటాక పూలు కోస్తున్నారని 2024లో బీబీసీ చూపించింది. మొదటిది లోరియల్‌ది, రెండోది ఎస్టే లాడర్‌ది. కంపెనీలు రెండూ బాలకార్మికులకు మేం వ్యతిరేకమనే అన్నాయి. నమ్ముదాం. కానీ కొనుగోలు ధరను ఎవరు ఖరారు చేస్తారో, ఆ ధరకు పెద్దవాళ్ళు కూలికి వస్తారో రారో కూడా వాళ్ళకు తెలిసే ఉంటుంది కదా. బాలకార్మిక వ్యవస్థ చాలాసార్లు నియమాల పుస్తకంలో కాదు, కొనుగోలు ధరలో దాగి ఉంటుంది.

షాంపూ నురగ, సబ్బు, గ్లిజరిన్, ఇవన్నీ చాలావరకు పామాయిల్ నుంచి వచ్చేవే. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది, ఏలూరు వైపు వెళితే దారిపొడవునా తోటలే, దేశంలో ఈ పంటకు మన రాష్ట్రమే మొదటిది. అందుకే పామాయిల్ అంటే అడవుల నరికివేత అని ఎవరైనా అంటే మన రైతుకు కోపం వస్తుంది. ఇక్కడ పొలంలో వేశారు తప్ప అడవి కొట్టలేదు. కానీ దేశం వాడే పామాయిల్లో అత్యధిక భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చేదే. అక్కడి అడవుల కథ వేరు. అడవులకు హాని లేకుండా పామాయిల్ తీయించాలని 2004లో ఏర్పడ్డ ఆర్ఎస్‌పీవో అనే సంస్థ ఇచ్చే ధ్రువీకరణ దాని కోసమే. 'ధ్రువీకరించిన పామాయిల్ వాడుతున్నాం' అన్న వాక్యం కింద నాలుగు రకాలు దాక్కుంటాయి. ఏ తోట నుంచి వచ్చిందో చెప్పగలిగేది ఒకటి. మంచి నూనెను విడిగా ఉంచేది ఇంకొకటి. మంచీ మామూలూ కలిపేసి, లెక్కల్లో మాత్రం పాళ్ళు చూపేది మూడోది. నాలుగోదాంట్లో సీసాలో ఉన్న నూనెకూ కాగితానికీ సంబంధమే లేదు, ఎక్కడో మంచి నూనె తీసినవాడి దగ్గర క్రెడిట్లు కొంటారు, అంతే. మొదటిదీ నాలుగోదీ ఒకే గుర్తు నీడలో నిలబడటం నాకు మింగుడుపడదు.

ప్లాస్టిక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బందరు కాలువ, ఏలూరు కాలువ గట్ల మీద నడిచినవాళ్ళకు షాంపూ ప్యాకెట్లు చూపించాల్సిన పనిలేదు. రెండు రూపాయల ప్యాకెట్ పేదవాడికి షాంపూ అందించిందన్న మాట నిజం. దాని పొరల్ని విడదీసి మళ్ళీ వాడటం దాదాపు కుదరదన్నదీ నిజమే. లాభం కంపెనీకి, చెత్త మున్సిపాలిటీకి.

నివేదికను ఎక్కడ తెరవాలి

ఇవన్నీ కూర్చుని మనం వెతకగలమా? కొంత వెతకొచ్చు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి, సమాజం, పర్యావరణం పట్ల తమ బాధ్యతల మీద బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక ఇచ్చి తీరాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. హిందుస్థాన్ యూనిలీవర్, డాబర్, మారికో, ఇమామీ, గోద్రెజ్ కన్జ్యూమర్ వంటివన్నీ ఇస్తాయి. వార్షిక నివేదిక చివర్లో ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది. లోరియల్ ఇండియా ఇక్కడి స్టాక్ మార్కెట్లో లేదు కాబట్టి ఆ బాధ్యత దానికి లేదు. ప్యారిస్ నివేదికలో భారత్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఆ నివేదిక ముందు పేజీల్లోని ఫొటోలు వదిలేయండి. అందులో ప్రశ్నలు రెండు రకాలు. 'ఎసెన్షియల్' అన్నవి తప్పక జవాబు చెప్పాల్సినవి. 'లీడర్‌షిప్' అన్నవి ఇష్టమైతే చెప్పొచ్చు. మీ సొంత ఫ్యాక్టరీల్లో ఎన్నింటిలో బాలకార్మికుల తనిఖీ చేశారన్నది మొదటి రకం. అక్కడ నూటికి నూరు అని ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, సొంత ఫ్యాక్టరీలో పిల్లల్ని పెట్టుకునే పెద్ద కంపెనీ ఇప్పుడు ఎక్కడుంది? మీకు సరుకు ఇచ్చేవాళ్ళలో ఎంత శాతం మందిని తనిఖీ చేశారన్నది రెండో రకం. గని, తోట ఉన్నవి ఆ ప్రశ్నలోనే. అక్కడ అంకె ఉందా, ఖాళీ ఉందా, లేక అర పేజీ ఉపన్యాసం ఉందా అన్నది చూస్తే ఓ గంటలో చాలా తెలుస్తుంది. పర్మినెంట్ కాని కార్మికులు ఎందరు, ప్రమాదాల్లో గాయపడ్డది ఎవరు, కట్టిన జరిమానాలు ఎన్ని అన్నవీ ఆ పక్కనే ఉంటాయి.

ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) రేటింగులను మాత్రం నీతి మార్కులనుకోకండి. వాటిలో పేరున్న చాలావి కొలిచేది, పర్యావరణ, సామాజిక కారణాల వల్ల పెట్టుబడిదారుకు నష్టం వచ్చే ప్రమాదం ఎంతన్నది. కంపెనీ వల్ల లోకానికి జరిగే నష్టం వేరే లెక్క.

నివేదికలో దొరకనిది ఒకటి మన ఎదుటే ఉంటుంది. మాల్‌లో కంపెనీ టీషర్టు వేసుకుని చేతి మీద షేడ్లు గీసి చూపించే అమ్మాయిలు చాలాచోట్ల షాపు మనుషులు కారు, బ్రాండు కోసం ఏజెన్సీ పెట్టిన ప్రమోటర్లు. రోజంతా నిలబడే ఉంటారు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. ఒక స్టూలు ఖరీదు ఒక లిప్‌స్టిక్ ఖరీదంత కూడా ఉండదు. మహిళా సాధికారత మీద కోట్లు పెట్టి ప్రకటన తీసే కంపెనీ తన కౌంటర్ దగ్గర స్టూలు వేసిందో లేదో నేను తప్పక చూస్తాను.

చిన్నదైతే మంచిదనుకోవద్దు

ఇదంతా విని, పెద్ద కంపెనీలు వద్దు, చిన్నవాళ్ళ దగ్గరే కొంటాం అనేవాళ్ళుంటారు. దుగ్గిరాల పసుపు తెచ్చి ఇంట్లో సున్నిపిండి కొట్టుకునేవాళ్ళతో నాకు పేచీ లేదు. భయమంతా పేరూ ఊరూ లేని క్రీములతోనే. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి కిడ్నీ జబ్బు వస్తే, డాక్టర్లు ఆరా తీయగా వారిలో చాలామంది లేబుల్ సరిగా లేని తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళేనని తేలింది. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. పెద్ద కంపెనీ తప్పు చేస్తే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది, వాటాదారులుంటారు, పదిహేనేళ్ళ తర్వాతైనా ఒప్పందం కుదురుతుంది. అడ్రసు లేని డబ్బా మీద ఎవరిని అడుగుతాం? తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, దిగుమతి సరుకైతే దిగుమతిదారు వివరాలు, రిజిస్ట్రేషన్ నంబరు, ఇవి లేని క్రీము వారంలో తెల్లబరుస్తుందంటే అసలు ముట్టుకోవద్దు.

కొనడం మానేయాలా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. తెల్లబరిచే క్రీము మానేస్తే ఎవరికీ నష్టం లేదు, నేనైతే మానేయమనే అంటాను. మైకా ఉన్న ఐషాడో మానేస్తే మాత్రం ఆ ఏరుకునే కుటుంబానికి ఏమవుతుందో ఆలోచించాలి. దానికన్నా అడగడం మేలు. డబ్బా మీద కస్టమర్ కేర్ ఈమెయిల్ ఉంటుంది. 'మీరు నైతికమైన కంపెనీయేనా' అని రాస్తే అచ్చువేసిన జవాబు వస్తుంది. 'మీ పామాయిల్ ఆర్ఎస్‌పీవో నాలుగు రకాల్లో ఏది? ఈ ఐషాడోలో మైకా ఏ రాష్ట్రానిది? జర్మనీలో అమ్మే ఇదే క్రీములో ఏయే పదార్థాలున్నాయి, ఇక్కడి దానిలో ఏవి?' అని రాయండి. అంకెలతో, ఊరి పేరుతో జవాబిచ్చే కంపెనీ తన లెక్క తాను చూసుకుంటోందని అర్థం. మా నిబద్ధత అంటూ రెండు పేరాలు పంపితే దాన్ని బట్టి మార్కు మీరే వేసుకోవచ్చు. 'వంద శాతం సహజం', 'భూమికి మేలు' వంటి మాటలకు ఆధారం చూపకపోతే, 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన గ్రీన్‌వాషింగ్ (పర్యావరణం పేరుతో ఉత్తుత్తి గొప్పలు చెప్పుకోవడం) మార్గదర్శకాలు ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే మాట్లాడి ఫిర్యాదు చేయొచ్చు. డబ్బా, బిల్లు పారేయకుండా ఉంచుకోండి, రెండూ అడుగుతారు.